ఏలీయా కోసం తీసిన తలుపు

పస్కా పండగ పూట ఎమ్మిగనూరులోని మా ఇంటికి నాలుగు కుటుంబాలు పిల్లాపాపలతో వస్తాయి. ఈ ఊళ్లో శనివారం పొయ్యి వెలిగించని వాళ్లం మేమే. ఒకప్పుడు మేమూ చర్చికి పోయేవాళ్లమే. మా మామ పెద్ద వయసులో యూదుల పద్ధతి పట్టుకున్నాడు, ఆయన వెనకే ఇంటిల్లిపాదీ నడిచాం. పస్కా పూట పొంగని రొట్టె, చేదుకూర, ద్రాక్షారసం ఉండాలి. మేం ఏడాదంతా తినే జొన్నరొట్టె ఎటూ పొంగదు, అయినా ఆ పూట గోధుమరొట్టే కావాలని ఆయన పట్టు. చేదుకూరకు మెంతాకు, ద్రాక్షారసానికి ఎండుద్రాక్ష ఉడికించిన నీళ్లు. చాకిరీ మాత్రం నాది.

పిల్లలు కాచుకుని ఉండేది భోజనం తర్వాత జరిగే ముచ్చట కోసం. ఏలీయా ప్రవక్త వస్తాడని ఒక గ్లాసు నింపిపెట్టి, వీధి తలుపు తీస్తాం. తీసేది అందరిలోకీ చిన్నపిల్ల. ఆ ఏడు ఆ వంతు మా ఆరేళ్ల పాపది. "తెల్ల గెడ్డం తాత, శానా దూరం నుంచి నడిచొస్తాడు" అని మామ దానికి ముందునుంచే నూరిపోశాడు.

పాప తలుపు తీసింది. మేమంతా కళ్లు మూసుకుని పాట అందుకున్నాం. మామ పాడితే ఏ పాటా ఒక పట్టాన ముగియదు. పాట సగంలో కళ్లు తెరిచేసరికి గడప దగ్గర పాప లేదు.

మొదట నాకు కోపమే వచ్చింది, దొరికితే రెండు తగిలిద్దామనుకున్నాను. మంచం కింద చూశాం, మగ్గం గుంటలో చూశాం, పక్కింట్లో అడిగాం. అప్పుడు రోడ్డు గుర్తొచ్చింది. మా సందు దాటితే ఆదోని రోడ్డు, పత్తి లారీలు ఎవరి కోసమూ ఆగవు. పైగా ఆ రోజుల్లో ఎవరి ఫోన్లో చూసినా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న మాటే. నిప్పు లేనిదే పొగ రాదని అమ్మలక్కలు అంటుంటే విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ మాటలన్నీ నిజమే అనిపించాయి. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను.

రోడ్డు మలుపులో జనం మూగి ఉన్నారు. నడుమ మా పాప వెక్కివెక్కి ఏడుస్తోంది. దాని చేతిలో ఒక ముసలాయన వేలు ఉంది. తెల్లటి గడ్డం, భుజాన మూట. ఆయన చొక్కా కాలర్ మాత్రం ఇంకెవరి చేతిలోనో ఉంది.

"ఎవురు నువ్వు? బిడ్డను యాడికి తీసకపోతాండావు?"

"నేను తీసకపోలేదప్పా. మిరపకాయల పనికి గుంటూరు పోయి వస్తాండాను, కోసిగి బస్సు కోసరం ఈడ నిలబడినా. పాపే వచ్చి మా ఇంటికి రా అని చెయ్యి పట్టుకునింది."

చెంప ఛెళ్లుమంది. ఎవరో కట్టె తెచ్చారు. బిడ్డ దొరికిందన్న సంతోషం నాలో నిలవనేలేదు. నా బిడ్డను సాకు చేసుకుని ఒక మనిషిని నా కళ్లముందే కొట్టి చంపుతారని అర్థమైంది.

"ఇడవండప్పా! ఆయప్ప మా సుట్టం! మా ఇంటికే వస్తాండాడు!" అని అరిచాను. పండగ పూట అబద్ధమే ఆడాను.

కట్టె పట్టుకున్నవాడు నా వైపు తిరిగాడు. "సుట్టమా? అయితే పేరు సెప్పు."

ఏదో ఒక పేరు చెప్తే ఆ ముసలాయన నిజం చెప్పేస్తాడేమో అన్న భయంతో ఒక్క పేరూ నోటికి రాలేదు.

"ఏలీయా తాత" అంది పాప, ఏడుపు మింగుతూ.

కట్టె కిందికి దిగింది. బిడ్డకు పేరు కూడా తెలుసు కదా అని ఎవరో అన్నారు. కాలర్ వదిలారు. ఒక్కరు కూడా తప్పయిందని అనలేదు.

ఇంటికి తీసుకొచ్చి ఆయన్ను మామ పక్కన కూర్చోబెట్టాం. ప్రవక్త కోసం పెట్టిన గ్లాసే పాప తెచ్చి ఇచ్చింది. ఆయన సగం చొక్కా మీదే ఒలికించుకున్నాడు. రొట్టె పెడితే ముట్టలేదు. తెరిచి ఉన్న తలుపు వైపే చూస్తున్నాడు.

"అమ్మా, ముందు ఆ తలుపు ఏసెయ్యండి" అన్నాడు.

పాట పూర్తయ్యేదాకా ఆ తలుపు ముయ్యకూడదని మమ్మల్ని ఏటేటా కసురుకునే మామే లేచి వెళ్లి గడియ పెట్టి వచ్చాడు.