దీవిలో అక్క తిన్న భోజనం

వచ్చే నెలలో మా అమ్మాయి, అల్లుడు అండమాన్ వెళ్తున్నారు. మొన్న ఆదివారం అమ్మాయి మా వర్తూరు అపార్ట్‌మెంట్‌కి వచ్చి, సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, అక్కడ ఏ పూట ఏం తినాలో ఫోన్‌లో జాబితా రాసుకుంది. చూడాల్సినవి నాలుగైతే తినాల్సినవి పద్నాలుగు. లోకల్ ఫుడ్ ఎక్స్‌ప్లోర్ చేయకపోతే ట్రిప్పే వేస్టమ్మా అంది. చిన్నప్పుడు తనూ మాతో అక్కడికి వచ్చిందని, ఇసుకలో ఒక చెప్పు పోగొట్టుకుని రెండు రోజులు ఏడ్చిందని దానికి గుర్తు లేదు. మీరంతా అక్కడేం తిన్నారమ్మా అని అడిగింది. రాగి సంగటి అన్నాను. వేళాకోళం ఆడుతున్నాననుకుని పడీపడీ నవ్వింది. నిజమే చెప్పానని నచ్చజెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఈ మధ్య దేనికీ ఓపిక ఉండటం లేదు.

అండమాన్ అంటే నాకు సముద్రం గుర్తు రాదు, అక్క గుర్తొస్తుంది. అక్క అంటే నా తోబుట్టువు కాదు, నా తోడికోడలు, మా బావగారి భార్య. మా అత్తగారి వాళ్లు అనంతపురం వైపు నుంచి ఎప్పుడో వచ్చి వర్తూరులో స్థిరపడ్డవాళ్లు. తొంభైల్లో నేను కోడలిగా వచ్చేనాటికి వర్తూరు ఇంకా సిటీలో కలవని ఊరే. చెరువు మీద గాలి వస్తే కిటికీలు తెరిచేవాళ్లం, ఇప్పుడు ఆ చెరువు కంపుకు మూసుకుంటున్నాం. బావగారికి బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాది సిటీలో ఆఫీసు. ఎనిమిది గంటల బస్సు తప్పితే ఇంకో బస్సుకు అరగంట. నేను తల దువ్వుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడితే అక్క నా చేతిలో టిఫిన్ డబ్బా పెట్టేది. పదమూడేళ్లు పెట్టింది. అందులో ఏముందని నేనెప్పుడూ అడగలేదు, మధ్యాహ్నం మూత తీస్తే తెలిసేదే కదా. ఊళ్లో పెళ్లిళ్లకు వెళ్లినా అక్క చేతికి ఎవరో ఒకరు సాంబారు బకెట్ ఇచ్చేవాళ్లు. అందరూ చేతులు కడుక్కున్నాక చివరి పంక్తిలో, చల్లారిన అన్నం ముందు కూర్చునేది.

రెండువేలు దాటిన కొత్తల్లో మా బావగారికి విమానం ఎక్కాలని కోరిక పుట్టింది. ఫ్యాక్టరీలో ఎవరో అండమాన్ వెళ్లొచ్చి ఫోటోలు చూపించారట. మా రెండు జంటలం, అక్క కొడుకులు ఇద్దరు, మా అమ్మాయి, వెరసి ఏడుగురం బయలుదేరాం. అయితే బయటి తిండి తనకు పడదని బావగారు ముందే తేల్చి చెప్పారు. పోర్ట్ బ్లెయిర్‌లో వంటగది ఉన్న గెస్ట్‌హౌస్ వెతికించి మరీ మాట్లాడారు. అక్క పెట్టెలో చీరలు మూడు, రాగి పిండి ఆరు కిలోలు, చింతపండు, ఎండుమిర్చి, శనగపొడి, ఊరగాయ, వాటన్నిటి మీద అడ్డంగా సంగటి కెలికే కట్టె. చెన్నై విమానాశ్రయంలో పెట్టె తెరిపించిన అధికారి ఆ కట్టెను అటూ ఇటూ తిప్పి, ఇదేమిటని ఇంగ్లీషులో అడిగాడు. మా ఆయన వంట సామాను అన్నారు. ఆ మనిషి బావగారి వైపు, తర్వాత అక్క వైపు చూసి పెట్టె మూసేశాడు. మేమందరం నవ్వుకున్నాం. అక్క కూడా నవ్విందనే అప్పట్లో అనుకున్నాను.

అక్కడ నాలుగు రోజులూ ఒకటే తీరు. తెల్లవారక ముందే అక్క లేచేది. మేం లేచేసరికి సంగటి ముద్దలు, పప్పు, మధ్యాహ్నానికి కట్టిన పులిహోర సిద్ధం. నాకు ఆఫీసు లేదు, బస్సు లేదు, అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? పిల్లకు జడలు వేయడం, తడి బట్టలు ఆరేయడం, ఇలా ఏదో ఒక పని కల్పించుకుని వంటింటి బయటే తిరిగేదాన్ని. మేం జైలు చూసి వచ్చాం, బీచ్‌లు చూసి వచ్చాం. బజారులో వేయించిన చేపల వాసనకు పిల్లలు ముక్కులు ఎగబీలిస్తే బావగారు వాళ్లను రెక్కలు పట్టి నడిపించేవారు. మూడో రోజు సాయంత్రం అంట్లు తోముతూ అక్క, నన్ను చూడకుండానే అంది.

“నాకు సముద్రమూ వద్దు, జైలూ వద్దు పాపా. ఎవురన్నా వండి, నన్ను కూర్చోబెట్టి పెడితే తినాలని ఉండాది. ఒక్క పూట.”

నేనేదో సర్దిచెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు, గుర్తుంచుకోదగ్గదేమీ కాదు.

మర్నాడు పడవలో రెండు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న దీవికి వెళ్లాం. అడుగున అద్దం ఉన్న పడవలో పగడాలు చూపిస్తారంటే మగవాళ్లూ పిల్లలూ ఎక్కారు. అక్కకు వచ్చేటప్పుడే కడుపులో తిప్పింది కాబట్టి ఒడ్డున ఆగిపోయింది, తోడుగా నేనూ ఆగాను. కొబ్బరి బోండాలు కొట్టే ఒకావిడ మా మాటలు విని, తెలుగోళ్లా అని పలకరించింది. వాళ్ల అమ్మానాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చారట. ఈమె పుట్టింది ఇక్కడే. వచ్చిపోయేవాళ్లకు ఇంట్లో భోజనం వండిపెట్టడం ఆమెకు రెండో పని. అక్క నా ముఖం చూసింది. పులిహోర సంచి బావగారి దగ్గరే ఉండిపోయింది. మేమిద్దరం ఆవిడ వెంట నడిచాం.

రేకుల ఇల్లు, పేడతో అలికిన అరుగు, వెనక పోక చెట్లు. లోపలికి వెళ్లగానే అక్క అలవాటు కొద్దీ పొయ్యి దగ్గరికి పోయి ఉల్లిపాయలు ముందుకు లాక్కుంది. ఆవిడ కత్తిపీట తీసి పక్కన పెట్టేసింది.

“నువ్వు కూకో అమ్మా. నానెడతాను గదా, లెగకు.”

అక్క కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. పొగలు కక్కే అన్నం వచ్చింది, దాని మీద ఎర్రటి చేపల పులుసు వచ్చింది. ఆ పులుసు రుచి నేను ఇప్పటికీ చెప్పలేను. మొదట చింతపండు నాలుకను పట్టుకుంటుంది, వెనకాలే కొబ్బరి పాల తియ్యదనం వచ్చి విడిపిస్తుంది, చివర్న ముక్కులోకి ఏదో ఘాటు. ఆవిడ సంబరంగా చెప్పడం మొదలుపెట్టింది. పులుపు వాళ్లమ్మ నేర్పిందట, కొబ్బరి పాలు తమిళ పొరుగావిడ దగ్గర నేర్చుకుందట, ఆ ఘాటు బెంగాలీ వాళ్లింటి ఆవముద్దట. ఆవాలు ఎంతసేపు నానబెట్టాలో చెప్పబోతుంటే అక్క ఎడమ చెయ్యి ఎత్తి ఆపింది.

“చెప్పొద్దమ్మా. తెలిస్తే రేపటి నుంచి అదీ నేనే చేయాల.”

ఆవిడ ఒక్క క్షణం అక్క ముఖంలోకి చూసింది. తర్వాత ఇంకో చేప ముక్క వేసింది. అక్క మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. అక్క అంత తినడం నేనెప్పుడూ చూడలేదు. నిజానికి అక్క తినడమే నేను సరిగ్గా చూడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఆవిడ పరిచిన చాప మీద ఒక పక్కకు వాలి, నాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, పసిపిల్లలా నిద్రపోయింది.

కాసేపటికి మమ్మల్ని వెతుక్కుంటూ బావగారు వచ్చారు. మూడు గంటలకు పడవ. మళ్లీ పొద్దున్నే గానీ ఇంకో పడవ లేదు. ఆయన గుమ్మంలో నిలబడి అక్కను చాలాసేపు చూశారు. కోపగించుకుంటారనుకున్నాను.

“నిద్రపోతా ఉండాది, లేపొద్దు పాపా. నేనూ ఈన్నే ఉంటా, పొద్దున పడవకి వస్తాం. మీరు పిల్లల్ని పిలుచుకొని పోండి” అని గొంతు తగ్గించి చెప్పి, మా ఆయనకు ఆ సంగతి చెప్పడానికి రేవుకు వెళ్లారు.

ఆయన వెళ్లాక నేను ఆ చాప పక్కన నిలబడ్డాను. ఎండలో తిరిగి ఒళ్లు హూనమై ఉంది. గెస్ట్‌హౌస్‌కి చేరాక ఐదుగురికి వంట ఎవరు చేస్తారనే ఆలోచన వచ్చింది. ఆ ఒక్క ఆలోచనే వచ్చింది. వంగి అక్క భుజం తట్టాను.

“బావగారు పిలుస్తా ఉండారు అక్కా, పడవకి టైమైంది.”

అక్క కళ్లు తెరిచి, అప్పుడేనా అన్నట్టు చూసి, లేచి కొంగు సర్దుకుంది. రేవులో ఆమెను చూసి బావగారు, లేచినావా అన్నారు, అంతే. ఒకరినొకరు అడిగి ఉంటే నా అబద్ధం అక్కడే బయటపడేది. ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అడిగేవాళ్లు కాదు. పడవ కదిలాక అక్క నా వైపు జరిగి, రాత్రికి ఏం చేద్దాం పాపా అని అడిగింది.

తర్వాత ఆరేళ్లు అదే వంటింట్లో ఉండి అక్క చనిపోయింది. బావగారూ పోయారు. ఆ అబద్ధం సంగతి వాళ్లకు చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. ఇప్పుడు ఉద్యోగం లేదు, వంటకు మనిషి వస్తుంది, మధ్యాహ్నాలన్నీ నావే. ఎన్ని గంటలు పడుకున్నా లేపేవాళ్లు లేరు, అయినా అక్క దగ్గర నేను లాక్కున్న ఆ ఒక్క మధ్యాహ్నపు నిద్ర మాత్రం నాకు పట్టడం లేదు.