పాపాఘ్ని వంతెనకు రంగు

నేను బడి మానేసిన రోజు ఎవరూ సెలవు ప్రకటించలేదు గానీ, మా అయ్యవారి మొహంలో మాత్రం పండగ కనిపించింది. అలా ఐదో తరగతి దగ్గర ఆగిపోయినవాణ్ణి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో జమ్మలమడుగు నుంచి కమలాపురం పోయి రైలు వంతెన మీద తేలాను.

పాపాఘ్ని మీద తెల్లవాళ్ల కాలంలో కట్టిన వంతెన అది. ఇనుప పట్టీలను త్రికోణాలుగా అల్లి, రివెట్లు కొట్టి నిలబెట్టారు. ముక్కలన్నీ ఓడల్లో వచ్చాయని మా మేస్త్రీ చెప్పేవాడు. ఏట్లో నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. ఇసుక దాటడానికి సముద్రాలు దాటించి తెచ్చారే అని నేను నవ్వేవాణ్ణి. మా పని తుప్పు గీకడం, ఎర్ర రంగు పూయడం, అది ఆరాక పైన బూడిద రంగు పూయడం.

వేంపల్లె రైతు ఒకాయన తన కూతురికి నన్ను చూడడానికి మా ఇంటికి పోకుండా నేరుగా వంతెన దగ్గరికే వచ్చాడు. మొహం నిండా ఎర్ర రంగుతో కిందికి దిగాను.

“పూసేది అయిపోతే ఏం జేస్తావప్పా?”

“అయిపోదు మామా. ఆ కొనకు పోయేలోపల ఈ కొన తుప్పు పడతాది. వంతెన ఉన్నన్ని దినాలూ నాకు పని ఉంటాది.”

ఆయన ఇనుమును అరచేత్తో తట్టి చూశాడు. నన్ను తట్టలేదు.

“నిన్ను జూసి కాదు, దీన్ని జూసి ఇస్తాండా పిల్లను.”

పెళ్లయింది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది. రాష్ట్రం పేరు మారినా నా రంగు డబ్బా మారలేదు. తర్వాత బరువైన ఇంజన్లు వస్తాయని పక్కనే రంగు అక్కర్లేని కొత్త సిమెంటు వంతెన వేసి, పాతదాన్ని విప్పమన్నారు. రివెట్లు కోయాలంటే ముందు అవి కనబడాలి గదా. ఏళ్ల తరబడి నేను పూసిన పొరల కింద పూడిపోయాయి. నా రంగును నేనే గీకాను. ఆఖరి ముక్క వ్యాగనెక్కాక, కూలి మనుషులందరితో పాటు నన్నూ ఇంటికి పొమ్మన్నారు.

మామకేం చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వేంపల్లె పోయాను. ఆయన చేలో బావి దగ్గరున్నాడు.

“వంతెన పోయింది మామా. దాంతో పాటే నా పనీ పోయింది.”

ఆయన బావి వైపు చెయ్యి చూపించాడు. ఎద్దులతో నీళ్లు తోడే కపిల గిలక కింద, పాత కొయ్య దూలం ఉండాల్సిన చోట, రివెట్లతో సహా ఇనుప దూలం. ప్రొద్దుటూరు పాత ఇనుప అంగట్లో కొన్నాడట. దాని మీద గీకకుండా మిగిలిన బూడిద రంగు నాదే.

“యాడికి పోయిందప్పా వంతెన? ఈడనే ఉంది. అది ఉన్నన్ని దినాలూ పని ఉంటాదంటివి గదా. ఎద్దులు ఆడుండాయి, పోయి తోలు. రంగు సంగతి మళ్లీ జూద్దాం.”