ఆయన చీట్ చేయలేదు, ‘అంకుల్’ అన్న మాట చేసింది

నిన్న పొద్దున ఆఫీస్ పార్కింగ్‌లో కారు పెడుతుంటే విండ్సర్ నుంచి నవోమి ఫోన్ చేసింది.

“నాన్న పోయారు” అంది. ఇంజిన్ ఆపడం కూడా మర్చిపోయి అలాగే కూర్చుండిపోయాను.

హిరాత గారు లేరు.

ఏడుపు రావాలి కదా. రాలేదు. కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

మనవాళ్ళకి ఆయన మా హౌస్ ఓనర్‌గానే తెలుసు. కెనడాలో మన స్టూడెంట్స్ కుప్పలుతెప్పలుగా దిగి, విండ్సర్‌లో అద్దెకి బేస్‌మెంట్ దొరకడమే గగనమైపోయిన రోజుల్లో నాకూ వరంగల్ శిరీషకూ తలుపు తీసిన జపాన్ పెద్దాయన. ‘గారు’ అంటే వాళ్ళ ‘సాన్’ లాంటిదని తెలిశాక మమ్మల్ని కూడా గారూ అని పిలిచిన మనిషి.

కానీ ఆయన రైటర్.

హత్య, మూసిన గది, నలుగురైదుగురు అనుమానితులు, మిగతాదంతా లాజిక్. చివరి చాప్టర్‌కి ముందు కథ ఆపేసి, ‘నాకు తెలిసినవన్నీ ఇప్పుడు మీకూ తెలుసు, హంతకుడెవరో చెప్పండి’ అని పాఠకుణ్ణే అడిగే నవలలు. స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ రాయడం మొదలుపెట్టారు. ఒకప్పుడు జపాన్‌లో మంచి పేరు.

తర్వాత ఫ్యాషన్ మారింది. ఈయన పుస్తకాల్లో మనుషులుండరు, చదరంగం పావులుంటాయి అన్నారు. పబ్లిషర్లు మొహం చాటేశారు. భార్య పోయాక, విండ్సర్ కార్ల ప్లాంట్‌లో ఇంజనీర్‌గా ఉన్న కూతురు నవోమి దగ్గరికి వచ్చేశారు.

వచ్చి కూడా రాయడం మానలేదు.

ఆయనకి ఒకటే పట్టుదల. క్లూ ముందే పాఠకుడి కళ్ళ ముందు ఉండాలి. దాచిపెట్టి చివర్లో బయటికి తీసేవాడు రైటర్ కాదు, జేబుదొంగ అనేవారు.

ఒక ఆదివారం శిరీష మా వంటింట్లో ఫోన్ మాట్లాడుతోంది. ముందు ఒకాయన్ని “మావయ్యా” అంది. ఆ ఫోన్ పెట్టేసి ఇంకొకాయన్ని “పెద్దనాన్నా” అంది. హీటర్ చూడ్డానికి కిందికొచ్చిన హిరాత గారు అది విని ఆగిపోయారు.

వాళ్ళెవరు అని అడిగితే, ఇద్దరూ అంకుల్సే అంది.

“మరి రెండు మాటలెందుకు?”

శిరీష నా వైపు తిరిగి, “ఈయనకి ఎట్ల చెప్పాలె ఇప్పుడు?” అంది.

కూరకి తీసిన టమాటాలు నాన్న వైపు పెట్టాను, ఉల్లిపాయలు అమ్మ వైపు. నాన్నకి అన్న అయితే పెద్దనాన్న, అమ్మ తోడబుట్టినవాడైతే మావయ్య. ఆయన ఒక్కొక్కటీ జరుపుతూ చాలాసేపు చూశారు. మేం ఆకలితో చచ్చిపోతున్నాం, కూర ఆయన చేతిలో ఉంది.

చివరికి చిన్నపిల్లాడిలా నవ్వి, “మీ భాషలో అబద్ధం ఆడటం చాలా కష్టం. నోరు తెరిచి పిలిస్తే చుట్టరికం బయటపడిపోతుంది” అన్నారు.

ఆయన చివరి నవల అక్కడ పుట్టింది.

అందులో ఒక తెలుగు పెద్దాయన హత్య అవుతాడు. నేను ఆయన తమ్ముడి కొడుకుని అంటూ ఒక కుర్రాడు వస్తాడు. శవాన్ని చూసి కంగారులో “మావయ్యా” అంటాడు. సొంత తమ్ముడి కొడుకు పెద్దనాన్నని మావయ్య అని ఎలా పిలుస్తాడు? అదే క్లూ. ఆ రెండు మాటల తేడా కథలో ముందే, భోజనాల సీన్‌లో చెప్పేశారు. జపనీస్ పుస్తకంలో మన మాటలు మన మాటలుగానే ఉన్నాయి. ఎన్నో ఏళ్ళకి అక్కడ మళ్ళీ ఆయన పేరు వినబడింది.

తర్వాత ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఆ రెండు మాటలూ ముట్టుకోవద్దని ఇంగ్లిష్ పబ్లిషర్లకి ఆయన ముందే చెప్పారు. సరేనన్నారు.

రెండింటినీ ‘అంకుల్’ చేసి పారేశారు. పాఠకులు కన్ఫ్యూజ్ అవుతారట. భోజనాల సీన్‌లో ఆ మాటలూ లేపేశారు.

ఇప్పుడు ఆ పుస్తకంలో కుర్రాడు అంకుల్ అని ఏడుస్తాడు, డిటెక్టివ్ వచ్చి ‘తప్పు మాటన్నావు’ అని పట్టుకుంటాడు. ఏం తప్పు? ఎక్కడుంది?

లైబ్రరీలో మీటింగ్ పెడితే ఒకతను లేచి, మీరు మమ్మల్ని చీట్ చేశారు అన్నాడు. హిరాత గారు ఇంగ్లిష్ కాపీ తెరిచి వెతుక్కున్నారు. ఆ రెండు మాటలూ ఎక్కడా లేవు. నేను లేచి గట్టిగా చెప్పబోతే, కూర్చో అని సైగ చేశారు.

“పుస్తకం మీద నా పేరే ఉంది” అని కాపీ మూసేశారు.

ఆ తర్వాత ఆయన ఇంకో నవల రాయలేదు.

నిన్న ఆయన పోయిన వార్త కింద ఎవడో పెట్టాడు, మంచి రైటరే కానీ చివర్లో చీట్ చేశాడని. మన తెలుగు గ్రూప్‌లోనే ఇంకొకరు, ఏ అంకుల్ అయితే ఏంటిలే అని నవ్వుతున్న ఎమోజీ.

సిగ్గుగా లేదా అండీ? పరాయి దేశం మనిషి ఉల్లిపాయలు జరుపుకుంటూ నేర్చుకున్న తేడా మీకు అక్కర్లేదా? మన పిల్లలకి కనబడిన ప్రతివాణ్ణీ అంకుల్ చేసి పెట్టింది మనం కాదా?

జీవితమంతా ఒక్క పాఠకుణ్ణి కూడా మోసం చేయని మనిషిని మోసగాడిగా సాగనంపుతున్నారు. ఆయన చీట్ చేయలేదు. ఈ పోస్ట్ అందుకే. చదివినవాళ్ళు ఇంకొకరికి చెప్పండి.

మేం బేస్‌మెంట్ ఖాళీ చేసిన రోజు ఆయన అడిగారు, నేను నీకు ఏమవుతాను అని. అంకుల్ అన్నాను. “అది ఆన్సర్ కాదు. ఎటువైపు?” అన్నారు. ఆలోచించి చెప్తాలెండి అని నవ్వేశాను.

క్లూలన్నీ మీ కళ్ళ ముందే ఉన్నాయండీ. మా నాన్న వైపు వాళ్ళ ముందు నేను నోరెత్తను. మీతో పోట్లాడాను. అలిగాను. హీటర్ పెంచమని మీ మెట్ల మీద కూర్చుని సతాయించాను. మీరు తిట్టలేదు, టీ ఇచ్చారు.

అమ్మ వైపే.

ఇక ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, నిశ్చింతగా పడుకోండి, మావయ్యా.