రాముని పేరుతో పంపిన నూనె డబ్బా

చదవబోయే వాళ్ళకు ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక పెద్దమనిషి బెంగళూరు ఆఫీసులో పరువు పోగొట్టుకుంటాడు. హైదరాబాదులో ఒక అత్తమ్మ పిల్లలందరి ముందూ నవ్వులపాలవుతుంది. సముద్రం దాటి వచ్చిన నా ప్రాణస్నేహితుడు నన్ను చూడకుండానే తిరిగి వెళ్ళిపోతాడు. ఇన్ని ఘోరాలకూ కారణం దొంగా కాదు, దయ్యమూ కాదు. నుదుట నామం పెట్టుకుని, కళ్ళు తెరవగానే రామనామం పలికే నేనే.

కడపలో సందుకొక ఇంటర్నెట్ సెంటరు మొలుస్తున్న రోజులవి. మా వీధి చెక్కభజన బృందానికి నా ప్రాణస్నేహితుడు ఓబులేసు ముందు నిలబడేవాడు. చెక్కభజన చూడని వాళ్ళకు ఒక మాట. రెండు చేతుల్లో గజ్జెలు కట్టిన కొయ్యచెక్కలు పట్టుకుని, పాడుతూ, ఎగురుతూ, వరసలు మారుతూ కొట్టాలి. ముందున్నవాడు అడుగు మారిస్తే వెనకవాళ్ళంతా మారాలి. ఓబులేసు అడుగు మారిస్తే మేమే కాదు, చూస్తున్న ముసలమ్మల తలలు కూడా మారేవి. నేను రెండో వరసలో వాడి మడమలు చూస్తూ ఎగిరేవాణ్ణి. అవి తప్ప నాకు వేరే తాళం తెలియదు.

అలాంటివాడు డ్రైవరు పనికి కువైట్ పోయాడు. ఆ తర్వాత నేను భజనలో ముందుకు చూస్తే గోడ కనిపించేది. గోడకు తాళం ఉండదు కదా. నా చెక్కలు నా ఇష్టం వచ్చినట్టు మోగేవి.

మా గురువు నరసింహులు స్వామి ప్రతి శనివారం ఒక శ్లోకానికి అర్థం చెప్పేవారు. ఊరు విడిచి పోయేవాళ్ళు, "స్వామీ, మాకూ పంపండి" అని అడిగి మరీ మెయిలు అడ్రసు ఇచ్చి పోయేవాళ్ళు. నేను మస్తాన్ భాయ్ ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, ఆ అర్థాన్ని ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి పంపేవాణ్ణి. ఎప్పుడో ఒకసారి ఓబులేసు జవాబు రాసేవాడు. "రెండో వరస ఇంకా కుంటుతాండాదా?" అని. రెండో వరస అంటే నేనే. ఆ ఒక్క వెక్కిరింత కోసం నేను ఎంత ఎదురుచూసేవాణ్ణో మీకు చెప్పలేను.

ఇట్లా సాగిపోతుండగా మా మామ నోరు విప్పాడు. ఆయనకు వేరుశనగ నూనె అంగడి ఉండేది.

"ఏరా రమణా, ఊరికే దేవుని మాటలు పంపుతాండావు గదా, మన నూనె గురించి కూడా నాలుగు ముక్కలు పంపకూడదా?"

"తప్పు మామా. వాళ్ళు అడిగింది శ్లోకం, నూనె కాదు."

"గుళ్ళో ప్రసాదం అడిగినోళ్ళకే పెడ్తాండారా? పోయినోళ్ళందరికీ పెడ్తారు."

ఆ మాట నా బుర్రలో దీపం వెలిగించింది. ఇల్లు కాల్చే దీపం అని అప్పుడు తెలియలేదు. నిజమే కదా అనుకున్నాను. హనుమంతుణ్ణి సీతమ్మ పిలిచిందా? పిలవకుండానే పోయాడు, ఉంగరం ఇచ్చాడు, ఆ తల్లి కళ్ళు తుడిచాడు. స్వచ్ఛమైన నూనె దొరక్క బెంగళూరులో, కువైట్‌లో మనవాళ్ళు ఎంత కుమిలిపోతున్నారో! శాస్త్రం చదువుకున్నవాడు తప్పు చేయాలనుకుంటే శాస్త్రమే తోడు వస్తుంది. చదువుకోనివాడికి ఆ సౌకర్యం లేదు.

మెయిలు పైన 'ఒంటిమిట్ట రాముని ప్రసాదం' అని రాశాను. లోపల నూనె డబ్బా ఫోటో పెట్టాను. మస్తాన్ భాయ్ తల పట్టుకున్నాడు.

"ఏమప్పా రమణా, ఈ ఫోటో లారీ అంత ఉండాది. రోజూ పంపితే వాళ్ళ పెట్టెలు నిండిపోతాయి."

"నిండనీ భాయ్. ప్రసాదం ఎక్కువైతే ఎవరన్నా బాధపడ్తారా?"

ఆ రోజుల్లో ఉచితంగా ఇచ్చే మెయిలు పెట్టె అగ్గిపెట్టె అంత ఉండేది. నిండిందంటే తర్వాత వచ్చిన మెయిలు గుమ్మంలోంచే వెనక్కి పోయేది. నేనేమో రోజూ పంపాను. ఎట్లా కనిపిస్తోందో చూసుకుని మురిసిపోవడానికి రోజూ నాకు నేనే ఒకటి పంపుకున్నాను కూడా.

జవాబులు మొదలయ్యాయి. బెంగళూరు పెద్దమనిషి రాశాడు: "రమణా, ప్రసాదమంటే ఆఫీసులోనే చెప్పులిడిచి, చేతులు జోడించి తెరిచినా. నూనె డబ్బాకు దండం పెడ్తా ఉంటే మా సారు చూసినాడు." హైదరాబాదులో ఉన్న మంగమ్మత్త, పిల్లల్నందరినీ కూర్చోబెట్టి దేవుణ్ణి చూపిస్తానని తెరిచిందట. "ఇంకొకటి వస్తే కడపకొచ్చి నీ నామం చెరిపేస్తా" అని రాయించింది. నేనేమో ఇంతమంది జవాబిస్తున్నారంటే నూనె మీద ఆశ పుట్టినట్టే అనుకుని, ఇంకో డబ్బా ఫోటో చేర్చాను.

శ్రీరామనవమి ఉత్సవాలు వచ్చాయి. ముందు నిలబడేవాడు లేడని మా బృందం ఆ ఏడు ఒంటిమిట్టలో చెక్కలు పట్టకూడదనుకుంది. స్వామి మాత్రం ఇంటివాళ్ళతో కళ్యాణానికి పోయారు. నేను కర్నూలు పక్కన కల్లూరులో షేర్ ఆటోలు ఎక్కుతూ దిగుతూ నూనెకు అంగళ్ళు వెతుకుతున్నాను. తిరిగి వచ్చేసరికి స్వామి అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"ఓబులేసు వచ్చినాడురా."

నా గుండె చెక్కల్లా మోగింది. "యాడున్నాడు స్వామీ?"

"పోయినాడు."

"పోయినాడా!"

"వానికి దొరికింది రెండు రోజుల సెలవు. పలానా సాయంత్రం ఒంటిమిట్ట గోపురం కాడ ఉంటా, అందరూ చెక్కలు తీసుకుని రాండి అని నీకు మెయిలు కొట్టినాడంట. పెట్టె నిండిందని వెనక్కొచ్చిందంట. మళ్ళీ కొట్టినా వెనక్కే."

నా పెట్టెను నా నూనెతో నేనే నింపుకున్నాను.

"అంగడికి ఫోన్ చెయ్యకూడదా స్వామీ?"

"చేసినాడు. మీ మామ ఎత్తి, మెయిళ్ళు చూసి తిట్టేదానికి చేసినోడనుకుని, 'నూనె వద్దంటే వద్దు, ఊరికే తిట్టొద్దప్పా' అని పెట్టేసినాడంట. ఆ రాత్రే తిరిగి పోవాల, కడపకు వచ్చే టైము వానికి యాడుంది? గోపురం కింద చెక్కలు పట్టుకుని శానాసేపు చూసినాడు నీకోసం. కడాకు పక్కూరి బృందం పిలిస్తే వాళ్ళతో ఎగిరినాడు. ఏం ఎగిరినాడురా! నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి."

ఆ అడుగు వెనక ఎవడో పక్కూరివాడు ఎగిరాడు. ఓబులేసు మడమలు వాడు చూశాడు. నేను కల్లూరులో నూనె వాసన చూపించాను.

మరుసటి శనివారం బృందమంతా కూర్చుంది. మస్తాన్ భాయ్ కూడా వచ్చాడు. నేను హనుమంతుణ్ణి అడ్డం పెట్టుకున్నాను. స్వామి నవ్వారు.

"హనుమంతుడు చెట్టు మీద కూర్చుని, ఈ తల్లి భయపడ్తాదేమో అని ఎంత ఆలోచించినాడో తెలుసా? ముందు రాముని మాట చెప్పి, ఆమె వింటాదా లేదా అని చూసి దిగినాడు. పైన సన్యాసి వేషం, లోపల వేరే పని పెట్టుకుని సీతమ్మ గుమ్మం ముందుకు వచ్చినోడు ఇంకొకడుండాడు. నువ్వు యెవని దారిలో పోయినావో చెప్పు."

ఆ రోజు మా వీధికి చట్టం పుట్టింది. స్వామి మాటల్లోనే చెబుతాను. "అడిగినోనికే పంపు. లోపల నూనె ఉంటే పైన నూనె అనే రాయి. పంపింది యెవరో, అంగడి యాడుండాదో దాచొద్దు. ఒకసారి వద్దన్నోనికి మళ్ళీ పంపినావంటే చెక్కలు ముట్టుకోవద్దు."

"దేశానిక్కూడా ఇట్లాంటి చట్టమొకటి రావాల స్వామీ," అన్నాడు మస్తాన్ భాయ్. "నా సెంటరుకు వచ్చినోళ్ళకు సగం సేపు చెత్త తీసేదానికే సరిపోతాండాది."

"దేశం సంగతి దేశం చూసుకుంటాది. రమణా, కర్పూరం ముట్టి ఒట్టెయ్."

వేశాను. వేసిన తర్వాత అడిగాను. "స్వామీ, ఓబులేసుకు క్షమించమని ఒక్క మెయిలు..."

"వాడేమన్నాడు?"

నేను పెట్టె ఖాళీ చేసిన రోజే వాడి చివరి మాట వచ్చి ఉంది. "నా పేరు తీసెయ్."

"తీసెయ్ మరి," అన్నారు స్వామి.

అట్లా నా వల్ల పుట్టిన చట్టం వలలో మొదట పడిన చేప నేనే. రోజూ మస్తాన్ భాయ్ సెంటరుకు పోయి పెట్టె తెరిచేవాణ్ణి. ఎవరెవరో నాకు లాటరీలు తగిలాయని రాసేవాళ్ళు, బట్టతలకు మందు పంపుతామనేవాళ్ళు. ఓబులేసు ఏదో పేరుతో రాశాడేమోనని అన్నీ చివరిదాకా చదివేవాణ్ణి. లోకంలో బట్టతల మందు ప్రకటనను అంత ఆశగా చదివినవాడు నేనొక్కడినే అయి ఉంటాను.

ఎండాకాలం పోయి, వానలు కూడా మమ్మల్ని తప్పించుకుని పోయాక ఒక మెయిలు వచ్చింది. "మీ మామ నూనె ఉండాదా? ఈడి నూనెతో బొరుగులు తాలింపేస్తే ఉగ్గాని ఉగ్గాని మాదిరి లేదు. ఒక డబ్బా పంపు. ముచ్చట్లు వద్దు. ఓబులేసు."

పరుగెత్తాను. "స్వామీ, ఓబులేసు అడిగినాడు!"

"ఏమడిగినాడు?"

"నూనె."

"అయితే నూనె పంపు."

"దాంతోపాటు చిన్న ఉత్తరం?"

"ముచ్చట్లు వద్దన్నాడా, లేదా?"

అన్నాడు. కాబట్టి కువైట్ పోతున్న మనిషి చేతికి నూనె మాత్రమే ఇచ్చాను. నా ప్రచారమంతటికీ దొరికిన ఒకే ఒక్క కొనుగోలుదారు వాడు.

ఒంటిమిట్ట కోదండరాముని సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. అడగని మనిషికి ఈ జన్మలో ఒక్క అక్షరం పంపను. దేవుని పేరు కింద సరుకు దాచను. ఈ రాత కూడా అడిగితేనే రాశాను. చట్టాన్ని పూర్తిగా పాటించాను. అంగడిలో ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న డబ్బా ఏరి పంపడం తప్పని మాత్రం స్వామి ఎక్కడా చెప్పలేదు. అది తొందరగా అయిపోవాలి. వాడు మళ్ళీ అడగాలి.