దేవుని కుండ

విజయరాణి ఏ పూట వంటకు బియ్యం తీసినా, ముందు ఒక పిడికెడు మూలనున్న చిన్న కుండలో వేసేది. అది దేవుని కుండ. శనివారం శనివారం చర్చి ఆడవాళ్లు సంచీ పట్టుకుని వచ్చి ఆ బియ్యం తీసుకుపోయేవారు. సిద్దిపేట బడిలో ఆయాగా చేరిన పదకొండేళ్లలో, జ్వరమొచ్చిన నాడు కూడా ఆ పిడికెడు తప్పలేదు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం ఆమెకు కాస్త ఇష్టమే.

ఎనభై ఏడు కరువులో పక్కింటి కుల్సుం పొయ్యి మూడు రోజులుగా రాజలేదు. పెనిమిటి దస్తగిర్ దుబాయి నుంచి ఉత్తరం ముక్క వేయలేదు. బీడీల కార్ఖానా వాళ్లు ఆకు ఇవ్వడం ఆపేశారు. ఇద్దరు చంటిపిల్లలు. శుక్రవారం సాయంత్రం విజయరాణి దేవుని కుండ ఎత్తుకెళ్లి కుల్సుం చేటలో బోర్లించింది.

"అల్లా నిన్ను సల్లగ జూడాలె అక్కా. నీ పిల్లల నోటికాడిది తెచ్చిచ్చినవ్."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నోటికాడిది ఎక్కడ? ఇంట్లో బియ్యం డబ్బా నిండుగా ఉంది.

గడపలోనే అత్త కొండవ్వ ఎదురైంది. "అత్త సొమ్ము అల్లుడు దానం జేసినట్టుంది! దేవుని కుండ ఊడ్చి నువ్వు ధర్మాత్మురాలివైతివా?"

"ఆకలైనోళ్లకే గదా అత్తా ఇచ్చిన?"

"మరి డబ్బలకెల్లి ఇయ్యకపోతివి?"

విజయరాణి కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. పోయిన ఆదివారం పాస్టరయ్య అన్నారు: దానం చేసేవాడు తనదాంట్లోంచి ఇస్తాడు, గృహనిర్వాహకుడికి తనదంటూ ఏదీ ఉండదు, యజమాని సొమ్ము యజమాని చెప్పిన చోట పెడతాడు. అప్పుడు ఆమె తన పిడికెడు తలుచుకుని తృప్తిగా తలూపింది. పిడికెడు దేవునిదైతే, డబ్బా ఎవరిది? ఇన్నేళ్లూ ఆయన వాటా ఆయనకిచ్చి, మిగతాదానికి తాళం వేసుకుందా?

డబ్బా మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. జీతం రావడానికి ఇంకా పన్నెండు రోజులు. అన్ని రోజులూ గంజి తాగితే సరిపోయేంత ఉంచి, మిగిలింది సంచిలో పోసుకుని మళ్లీ కుల్సుం ఇంటికి నడిచింది.

"గిది నాది గాదు కుల్సుం. నాకు దువా జెయ్యకు."

"మరెవరిది అక్కా?"

"నా తాన ఉండె. తెచ్చిన."

మర్నాడు వచ్చిన చర్చి ఆడవాళ్లు ఖాళీ కుండ చూసి మొహమొహాలు చూసుకున్నారు. చెబుదామని నోరు తెరిచి, విజయరాణి ఊరుకుంది. వాళ్లు వెళ్లాక ఆమె చెయ్యి మళ్లీ డబ్బా మూత మీదికే పోయింది. గంజికని ఉంచుకున్నవి మాత్రం ఎవరివి?