అమ్మ మొహంలో ఎడమ సగం

నువ్వులనూనె వేడెక్కుతున్న వాసన ఎక్కడ తగిలినా నేను బెంగాల్లోని సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల వంటింట్లోకి వెళ్ళిపోతాను. వానలు వెనకబట్టి, గోడల మీది ఎర్ర ఎన్నికల రాతలు సగం కరిగి, పెరట్లో పారిజాతాలు రాలే రోజుల్లో బౌదీ అని మేం పిలిచే ఎదురింటి వదిన కొబ్బరీ బెల్లమూ కలిపి ఉండలు చుట్టి వేడివేడిగా పంచేది; మేము వాటిని బుగ్గన పెట్టుకుని, యార్డులో ఇంజన్ల కూతలకు పోటీగా అరుస్తూ చీకటిపడేదాకా ఆడేవాళ్ళం. దుర్గాపూజలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ గొంతెత్తి పెట్టే మంగళధ్వనిని ఉలు అంటారు. అమ్మ శ్రీకాకుళం పిల్లే అయినా, ఉలులో ఆ వీధి బెంగాలీలందరినీ మించిపోయింది.

పూజ ఇంకా నెల ఉందనగా ఒక ఉదయం అమ్మ పుక్కిలించబోతే నీళ్ళు ఎడమవైపు నుంచి కారిపోయాయి. మూతి కుడివైపుకు లాక్కుపోయింది, ఎడమ కన్ను మూతపడలేదు. అమ్మ మొహం చూసి నాకు భయమేసింది, అమ్మను చూసి భయపడ్డానే అని ఏడుపూ వచ్చింది. పక్షవాతమేమోనని నాన్న బిక్కచచ్చిపోయాడు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, మాత్రం కారణం తేల్చేసింది.

"ఆ కూతలెట్టొద్దని సెప్పినానా నేదా? మూతి అలా తిప్పితే వొంకరపోదేటి?"

అమ్మ ఇక ఉలు పెట్టనని దేవుడి పటానికి దండం పెట్టుకుంది.

ఆసుపత్రిలో ముసలి బెంగాలీ డాక్టరు అమ్మ చేతులూ కాళ్ళూ ఎత్తించి చూసి, నుదురు ముడవమన్నాడు. ఎడమవైపు ముడత పడలేదు. అదే మంచి కబురన్నాడు! పక్షవాతమైతే సాధారణంగా నుదురు ముడుచుకుంటుందట. వెక్కుతున్న నన్ను దగ్గరకు పిలిచి, కొళాయి దగ్గర ఆడవాళ్ళు వరసగా నిలబడి బిందెలు అందించుకుంటారే, నరాల కణాలూ అంతేనన్నాడు. ఒక్కో కణానికి కబురు అందుకోవడానికి పొట్టి కొమ్మలూ, పంపడానికి ఒక పొడుగాటి తోకా ఉంటాయట. తోక చుట్టూ కొవ్వు తొడుగు. తోక కొస పక్క కణాన్ని తాకదు, మధ్య సందులోకి రవ్వంత రసాయనం వదులుతుంది, అవతలిది అందుకుంటుంది.

"మీ అమ్మ మొహానికి వెళ్ళే తోకలు చెవి వెనక ఎముక సందులో వాచి ఇరుక్కున్నాయి. తెగలేదమ్మా. వాపు తగ్గితే కబురు మళ్ళీ నడుస్తుంది."

అమ్మ ఉలు మానేసిందని నాన్న చెబితే విని, కోడల్ని పిలిచినట్టు బౌమా అంటూ అమ్మవైపు తిరిగాడు. "బౌమా, మాత్రలు వేసుకో. బుగ్గలు పూరించు, ఈల వెయ్యి. ఉలు కూడా పెట్టు."

ఇంటికొచ్చాక రోజూ గోరువెచ్చటి నూనెతో బుగ్గ మర్దనా చేసేది మామ్మే. అమ్మ ఈల వేసేది కానీ, ఉలుకు మాత్రం ససేమిరా అంది, మళ్ళీ వంకరపోతుందని. ఒక పొద్దున్న మామ్మకు ఒళ్ళు మండింది. అమ్మ ఎదురుగా చతికిలబడి, పళ్ళులేని నోరు తెరిచి తనే ఉలు మొదలుపెట్టింది. గాలీ తుంపర్లూ తప్ప ఏమీ రాలేదు.

"సూడు, నాకేటీ వొంకరపోనేదు. నీకేటి పోద్ది? ఎట్టు!"

అమ్మ ఆపుకోలేక పక్కున నవ్వింది. ఎడమ పెదవి కొస సన్నగా కదిలింది. డ్యూటీకి బయల్దేరిన నాన్న అది చూసి గుమ్మంలోనే కూలబడి భోరుమన్నాడు. పూజనాటికి అమ్మ ఉలు యార్డు దాకా వినిపించింది.

ఆ క్వార్టర్లు పడగొట్టేశారు. కొళాయి వరసా లేదు, మామ్మా లేదు, పూజలో ఉలు ఇప్పుడు మైకులోంచి వస్తుంది. అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఇంట్లో ఎవరు ఏ హాస్యమాడినా నేను ముందు అమ్మ ఎడమ పెదవి కొసనే చూస్తాను. అది లేస్తుంది. అప్పుడు నవ్వుతాను.