కొసరు గొర్రెలు

గద్వాలలో మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. అక్కడ నేను నేర్చుకున్నవి రెండే విద్యలు. అవతలివాడి మొదటి మాటకు ఒప్పుకోకూడదు. తూకం వేశాక గుప్పెడు కొసరు వేయకుండా సంచి మూతి కట్టకూడదు. ఈ రెండింటితో వనపర్తి గణాంకాల కార్యాలయంలో నెట్టుకురావచ్చు అనుకున్నాను చూడండి, నా జీవితంలో అంత చెడ్డ బేరం ఇంకొకటి లేదు.

ఏటా జిల్లా పుస్తకం తయారు చేయడం మా పని. ఊరికొక పేజీ. బావులు, బోర్లు, ఎద్దులు, గొర్రెలు, గాడిదలు అన్నీ అందులో వరుసగా ఉంటాయి. ఆ ఏడు పెద్దమందడి దగ్గరి ఒక ఊరి పేజీ నా ముందుకు వచ్చినప్పుడు నాలోని కొట్టువాడు నిద్ర లేచాడు. కదలని సరుకును ముందు వరుసలో పెట్టాలని మా నాన్న అనేవాడు. గాడిదల గడి ఎక్కడో చివర దిగాలుగా ఉంది. దాన్ని గొర్రెల చోటికి తెచ్చి, గొర్రెలను చివరికి పంపాను. పేర్లు మారాయి, కింది అంకెలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. మిగతా పేజీలు మార్చే ఓపిక లేక వదిలేశాను. జిల్లాలో మిగతా ఊళ్లన్నిటినీ నా బద్ధకమే కాపాడింది.

పుస్తకం అచ్చయి ఊరూరా పోయింది. నాగర్‌కర్నూల్‌లో నాలాంటి ఉద్యోగమే చేసే మిత్రుడు ఫోన్ చేసి, తమ కోడేరు వైపు గాడిదలకు కొరతగా ఉందని, మా దగ్గర నుంచి ఒక లారీ నిండా పంపగలమా అని ఎంతో మర్యాదగా అడిగాడు. నాకేమీ అర్థం కాలేదు. వారం తిరక్కుండానే అర్థమయ్యేలా చెప్పడానికి ఒక పెద్దమ్మ వచ్చింది.

భుజాన గొంగడి, చేతిలో కర్ర. నేను గడులు మార్చిన ఊళ్లో గొర్రెలు కాసే ఇళ్లన్నిటికీ ఆమె మాటే మాట. కుర్చీ చూపిస్తే నేల మీదే కూర్చుంది.

"సారూ, మా ఊళ్లె ఉన్నది ఒక్కటే గాడిద. మీ బుక్కుల దాన్ని గొర్రెను చేసిండ్రు, మా గొర్లన్నిటిని గాడిదలను చేసిండ్రు. చేస్తె చేసిండ్రు, గొర్లకేం తెల్వదు. కానీ సూదులు గూడ ఒక్క గొర్రెకే వస్తయంటుండు పశువుల డాక్టరు. గట్లెట్ల?"

గొర్రెలకు పారుడు రోగం రాకుండా వేసే సూదులు ఏ ఊరికి ఎన్ని పంపాలో మా పుస్తకం చూసే లెక్కగడతారు. వరి కోతలు అయిపోయాయి, వచ్చే గురువారం మందలు మేతకు ధరూర్ వైపు, కృష్ణా నది దిక్కుకు బయలుదేరాలి. సూది పడకుండా పోతే దారిలో ఏ మంద నుంచి రోగం తగులుతుందో తెలియదు. ఒక ఏడు అలాగే పోయి సగం మంద తిరిగి రాలేదని చెప్పింది.

అంత విన్నాక ఎవడైనా తల దించుకుంటాడు. నేను బేరం మొదలుపెట్టాను. వచ్చే ఏటి పుస్తకంలో సరిచేస్తానన్నాను. అయితే అందాకా ఇక్కడే ఉంటానని ఆమె గొంగడి పరిచింది. పోనీ, మిగిలిన పుస్తకాల్లో ఆ పేజీ మీద కొత్త కాగితం అతికిస్తాను, తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు అన్నాను. ఆమె కర్రను గోడకు ఆనించి, కాళ్లు చాపుకుంది.

లోపలి గదిలోంచి ఇదంతా విన్న మా ఆఫీసరు మేడం బయటికి వచ్చారు.

"అతికించుడేంది? ముందు ఏముండె, ఇప్పుడు ఏమున్నది, ఎందుకు మారింది, మూడు రాసి అందరికి పంపు. దాచిపెట్టి దిద్దితే, రేపు సరిగ్గ రాసింది గూడ ఎవ్వరు నమ్మరు."

అలా నా మొదటి సవరణ పత్రం తయారైంది. ఊరి నుంచి వచ్చిన అసలు కాగితం వెతికి గొర్రెలను గొర్రెల్లోకి, గాడిదను గాడిదల్లోకి చేర్చాను. అక్కడితో ఆగితే నేను ఇది రాసేవాణ్ణి కాదు. అంతసేపు నేల మీద కూర్చోబెట్టిన మనిషికి ఉత్త లెక్క ఇచ్చి పంపడానికి నాకు చెయ్యి రాలేదు. పది గొర్రెలు కలిపాను. మేడం నన్ను నమ్మి సంతకం చేశారు.

బుధవారం ఉదయం పెద్దమ్మ ఫోన్ చేసింది. డాక్టరు సూదుల మందు మంచుపెట్టెలో పెట్టుకుని వచ్చాడట. దొడ్లో జీవాలను లెక్కబెడితే కాగితంలో ఉన్నదానికి పది తక్కువ తేలాయట. చూడి గొర్రెలకు సూది వేస్తే కడుపు పోతుందని కొందరు దాచడం ఆయనకు కొత్త కాదు. దాచిన పదీ బయటికి వచ్చేదాకా మొదటి సూది కూడా వేయనని పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడట. తెల్లవారితే మంద కదలాలి, ఇక్కడ మంచు కరిగిపోతోంది.

"మా గొర్లు నీ కాయితంల ఈనినట్టున్నయి సారూ," అంది పెద్దమ్మ. "ఆ పదింటి తల్లులు ఏడున్నయో జర చెప్తె, పోయి తోల్కొస్త."

మేడం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొదటి సవరణ తీసి, కింద తన సంతకం చూసుకున్నారు. తర్వాత రెండో సవరణ రాయమన్నారు. కారణం అన్నచోట 'సాంకేతిక లోపం' అని రాశాను. కొట్టేశారు. 'పొరపాటు' అని రాశాను. ఎవరి పొరపాటని అడిగారు. ఒక్క మాటైనా తగ్గించుకుందామని ప్రాధేయపడ్డాను. ఆమె ఏ కొట్టులో పెరిగారో గాని, అణా వంతు కూడా దిగలేదు. చివరికి తేలిన వాక్యం ఇది: 'మొదటి సవరణలో పత్రం తయారు చేసిన ఉద్యోగి అలవాటు కొద్దీ పది గొర్రెలు కొసరు వేశాడు.'

ఆ కాగితం జేబులో పెట్టుకుని బైకు మీద ఊరికి పరుగెత్తాను. డాక్టరు దాన్ని చదివాడు, నన్ను చూశాడు, వెనక ఉన్నవాళ్లకు వినపడలేదని ఇంకోసారి గట్టిగా చదివాడు. దొడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

సూదులు మొదలయ్యాయి. నడుమ ఊరి గాడిద కూడా వచ్చి వరుసలో నిలబడింది. మొన్నటిదాకా గొర్రెనే కదా, దానికీ ఒకటి వేయమని పెద్దమ్మ సిఫారసు చేసింది. ఆ సంగతి మొదటి సవరణలోనే తేలిపోయిందని నేను కాగితం చూపించాల్సి వచ్చింది.

పొద్దు వాలేలోపు ఆఖరి గొర్రెకు సూది పడింది. పొద్దున్నే మంద కదులుతుందని చెప్పి, పెద్దమ్మ నాకు చెంబెడు మజ్జిగ ఇచ్చింది. తాగి చెంబు దించబోతే, పట్టుకొమ్మని ఇంకొంచెం వంచింది.

"ఇది కొసరు సారూ," అంది. "బుక్కుల ఎక్కియ్యకు."